సి షిఫ్ట్ దిగాక పగలు నిద్రపోవడం ఎలా: విశాఖ నైట్ డ్యూటీ వాళ్ల కోసం

విశాఖలో రాత్రంతా మేలుకుని పనిచేసే వాళ్లకు కొదవ లేదు. ఉక్కునగరం, పోర్టు, మల్కాపురం రిఫైనరీ, పరవాడ ఫార్మా సిటీ, కేజీహెచ్ వార్డులు, రుషికొండ ఐటీ ఆఫీసులు. సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి 10కి ఎక్కి ఉదయం 6కి దిగే వాళ్లను ఎవరిని కదిపినా చెప్పేది ఒకటే: ఒళ్లు పడిపోతూ ఉంటుంది, మంచమెక్కితే నిద్ర రాదు, వచ్చినా మధ్యాహ్నం పన్నెండుకల్లా మెలకువ వచ్చేస్తుంది.

దానికి చాలామంది చేసే పని కళ్లు గట్టిగా మూసుకుని పట్టుదలగా పడుకోవడం. అది పనిచేయదు. నిద్ర మన మాట వినదు. కళ్లు, చెవులు, చర్మం అందించే సమాచారాన్ని బట్టే ఇది నిద్రపోయే వేళో కాదో మెదడు నిర్ణయించుకుంటుంది. ఆ సమాచారం మన చేతుల్లో ఉంది కాబట్టి కష్టమంతా అక్కడే పెట్టాలి. ఏ వేళకి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందుగా: పన్నెండుకే మెలకువ ఎందుకు?

నిద్ర తెప్పించేవి రెండు. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త వీటిని విడదీసి చూపించాడు. ఒకటి నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది, ఎంత పోగైతే అంత తూగు. నిద్రపోతే అది కరిగిపోతుంది. రెండోది శరీర గడియారం. ఇది మెదడు అడుగున, రెండు కళ్ల నరాలూ కలుసుకునే చోటికి సరిగ్గా పైన ఉంటుంది. మీరు ఎంతసేపు మేలుకున్నారన్నది దానికి పట్టదు. రాత్రి ఒంటి వేడి తగ్గించి తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అడుగుకి తెస్తుంది, పొద్దెక్కేకొద్దీ మళ్లీ పెంచుతుంది.

డ్యూటీ దిగి 8కి పడుకున్న మనిషికి ఒత్తిడి నిండుగా ఉంటుంది కాబట్టి మొదటి నాలుగు గంటలు మొద్దునిద్ర. ఆ సరికి ఒత్తిడి చాలావరకు దిగిపోతుంది. అదే సమయానికి గడియారం పగలు నడినెత్తికి వచ్చిందని లేపడం మొదలుపెడుతుంది. పన్నెండుకి మెలకువ రావడం మీ లోపమూ కాదు, రోగమూ కాదు. కింద చెప్పేవన్నీ గడియారం గొంతు కాస్త తగ్గించే మార్గాలు.

మొదటి సి షిఫ్ట్ రోజు: కునుకు ఎప్పుడు తీయాలి?

ఉదయం 7కి లేచి, పగలంతా తిరిగి, రాత్రి డ్యూటీకి వెళ్లి, తెల్లారి 6కి దిగితే 23 గంటల మెలకువ అవుతుంది. 1997లో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ చేసిన ప్రయోగంలో 17 గంటలు మేలుకున్న వాళ్ల పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టకుండానే హద్దు దాటేసినట్టు.

అందుకే మొదటి రోజు కునుకు తప్పనిసరి. దానికీ ఒక వేళ ఉంది. చాలామంది ఏడున్నరకి భోంచేసి "తొమ్మిది దాకా నడుం వాలుస్తా" అంటారు. నిద్ర పట్టదు, విసుగు మిగులుతుంది. రోజూ పడుకునే వేళకి రెండు మూడు గంటల ముందు శరీర గడియారం మెలకువని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇజ్రాయెల్ పరిశోధకుడు పెరెట్జ్ లావీ 1986లో దీనికి నిషిద్ధ వేళ అనే పేరే పెట్టాడు. దానికి బదులు మధ్యాహ్నం రెండున్నర, నాలుగున్నరల మధ్య పడుకోండి. అన్నం తిన్నా తినకపోయినా ఆ వేళకి గడియారమే కొంచెం సడలుతుంది. నిద్ర ఒక చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది కాబట్టి గంటన్నర పెట్టుకుంటే మంచిది.

డ్యూటీలో: వెలుతురు, టీ, తెల్లవారుజాము

షిఫ్టు మొదటి సగంలో వీలైనంత వెలుతురులో ఉండండి. టీ, కాఫీ కూడా అప్పుడే. కెఫీన్ నిద్రని పోగొట్టదు, అడినోసిన్ వెళ్లి అతుక్కోవాల్సిన చోటుని తాను ఆక్రమిస్తుంది, అంతే. ఒత్తిడి వెనకాల పోగవుతూనే ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది. పడుకునే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో నిద్ర గంటకి పైగా తగ్గిపోయింది. కాబట్టి 8కి పడుకునే వాళ్లకి రాత్రి 2 గంటల టీ ఆఖరి టీ. నాలుగింటికి క్యాంటీన్ నుంచి వచ్చే గ్లాసు ఎంత ఊరించినా, అది మీ పొద్దుటి నిద్రలోంచి కోసుకొచ్చిందే.

మూడు నుంచి ఐదు మధ్య అందరికీ గడ్డు కాలం. ఒంటి వేడి అడుగంటుతుంది, చలి వేస్తుంది, చదివిన మీటర్ రీడింగే మళ్లీ చదువుతారు. ఈ వేళలో మనిషి తనకి తెలియకుండానే కొన్ని సెకన్లు నిద్రలోకి జారిపోతాడు. కళ్లు తెరిచే ఉండొచ్చు. మెదడు మాత్రం ఆ కాసేపు బయటి సంగతి తీసుకోదు. "నేను పడుకోలేదు" అని ఒట్టేసి చెప్పేవాడు అబద్ధం ఆడుతున్నాడని అనుకోవద్దు, అతనికి నిజంగానే తెలియదు. జాగ్రత్తగా చూడాల్సిన పనులు, లెక్కలు, మందుల డోసులు వీలైతే ఈ వేళకి ముందే పూర్తి చేయండి. కాకపోతే పక్కవాళ్ల చేత ఇంకోసారి చూపించుకోండి.

మీ చోట అనుమతి ఉంటే 20 నిమిషాల కునుకు బాగా పనిచేస్తుంది. అంతకు మించితే గాఢనిద్రలోకి వెళ్లిపోయి, లేచాక మత్తు వదలడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. ఆ మత్తులో వెంటనే మెషిన్ దగ్గరికి వెళ్లకూడదు.

ఇంటి దారి: ఎండని కంట పడనివ్వకండి

నైట్ డ్యూటీ వాళ్లకి జరిగే పెద్ద నష్టం ఇక్కడే, కానీ దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మనది తూర్పు తీరం. జూన్‌లో ఐదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. మీరు 6కి గేటు దాటేసరికి ఎండ సూటిగా మొహం మీద పడుతుంది.

కంటి వెనక తెర మీద, చూపుకి వాడే కణాలు కాక ఇంకో రకం కణాలున్నాయి. వాటి పని ప్రధానంగా వెలుతురు ఎంత ఉందో కొలిచి నేరుగా శరీర గడియారానికి చెప్పడం. నీలి వెలుగు అంటే వాటికి మరీ ఇష్టం. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు బాగున్న అంధుల్లో గడియారం మామూలుగానే నడుస్తుంది. చూడటం వేరు, వెలుతురుని పసిగట్టడం వేరు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) ఉంటే, నడి ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. పొద్దుటి ఎండ అంత కాకపోయినా "తెల్లారింది, లే" అని గడియారానికి చెప్పడానికి సరిపోతుంది.

కంపెనీ బస్సులో వచ్చేవాళ్లు సీట్లో కూర్చోగానే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకోండి, ఎండ పడని వైపు కూర్చోండి. "రాత్రంతా పనిచేసి వచ్చి ఈ స్టైలేంటి" అని తోటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. టూవీలర్ మీద వచ్చేవాళ్లకి మాత్రం ఈ సలహా సగమే వర్తిస్తుంది. ఏమాత్రం తూగు ఉన్నా నల్లద్దాలు వద్దు, అసలు బండే వద్దు. రెప్పలు బరువెక్కడం, దాటిన సిగ్నల్ గుర్తు లేకపోవడం, బండి పక్క లేన్‌లోకి జరగడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా బండి పక్కన ఆపేయండి. మొహం కడుక్కుంటే, పాటలు పెట్టుకుంటే పోయే నిద్ర కాదది.

దారిలో బీచ్‌కి వెళ్లి వాకింగ్ చేసి, టిఫిన్ తిని ఇల్లు చేరే అలవాటుంటే సి షిఫ్ట్ వారంలో మానుకోండి. అరగంట ఎండలో నడిచాక గది ఎంత చీకటి చేసినా గడియారం దాన్ని నమ్మదు.

గది: చీకటి, చప్పుడు, ఉక్కపోత

ముందు గది ఎంచుకోండి. పొద్దున పడుకునే మనిషికి తూర్పు గది పనికిరాదు. పడమర గదిలోకి మధ్యాహ్నం దాకా ఎండ రాదు కాబట్టి అక్కడ మంచం వేసుకోండి.

తర్వాత చీకటి. రెప్పలు మూసినా వెలుతురు కొంత లోపలికి పోతుంది. మందపాటి నల్ల పరదా కుట్టించుకోవచ్చు, లేదా అట్టముక్కలు కిటికీ కొలతకి కోసి పెట్టుకోవచ్చు. సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పొద్దున పది గంటలకి తలుపు వేసి మంచం మీద పది నిమిషాలు పడుకోండి. బయటి ఎండలోంచి వచ్చిన కన్ను చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి, లోపలికి రాగానే చూస్తే అంతా చీకటిగానే ఉందని మోసపోతారు. పది నిమిషాలయ్యాక తలుపు కింది సందు, పరదా అంచు, వెంటిలేటర్, రౌటర్ దీపం, ఏసీ మీద ఎర్రంకెలు ఒక్కొక్కటీ బయటపడతాయి. చేయి చాపి చూడండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే ఇంకా పని మిగిలి ఉన్నట్టే. వెంటిలేటర్‌ని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ వెలుతురు వచ్చేది అందులోంచే.

చప్పుడు విషయం కొంచెం వేరు. నిద్రలో కన్ను మూసుకుంటుంది గానీ చెవి మూసుకోదు. మెదడు మధ్యలో థాలమస్ అనే భాగం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌లా కూర్చుని, తెలిసిన శబ్దాల్ని ఆపేసి, కొత్తవాటినీ ముఖ్యమైనవాటినీ లోపలికి పంపుతుంది. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్ బృందం నిద్రపోతున్న వాళ్లకి రకరకాల పేర్లు వినిపిస్తే, ఎవరి పేరుకి వాళ్ల మెదడు ఎక్కువగా స్పందించింది. రైల్వే ట్రాక్ పక్కన కాపురమున్నవాళ్లు రైలు కూతకి లేవరు, పిల్లాడు మూలిగితే లేస్తారు. దీన్నిబట్టి శబ్దం ఎంత పెద్దదన్న దానికంటే ఎంత హఠాత్తుగా వచ్చింది, మీకు ఎంత సంబంధం ఉన్నది అన్నవే ముఖ్యం. ఎన్‌ఏడీ, గోపాలపట్నం వైపు ఉండేవాళ్లకి విమానాల మోత కొన్నాళ్లకి అలవాటైపోతుంది. కానీ పక్క గదిలో భార్య ఫోన్‌లో మీ పేరెత్తితే ఇట్టే మెలకువ వస్తుంది.

కాబట్టి రెండు పనులు చేయాలి. ఒకటి, ఫ్యాను లాంటి ఒకే తీరు శబ్దం ఉండనివ్వండి, కుక్కర్ విజిల్, కూరగాయల బండి మైకు అందులో కొంత కలిసిపోతాయి. రెండు, ఇయర్ ప్లగ్స్. ప్లాంట్లలో చెవి రక్షణకి ఇచ్చే ఫోమ్ రకమే చాలు, పడుకోవడానికి మాత్రం కొత్త జత తీయండి. చాలామంది వీటిని బుడిపెలా చెవి బయటే గుచ్చి పనిచేయడం లేదంటారు. ముందు వేళ్ల మధ్య సన్నగా నులమాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బానలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ముక్కు నిద్రలో మనల్ని లేపదు. 2004లో మేరీ కార్స్‌కాడన్, రేచెల్ హెర్జ్ నిద్రలో ఉన్నవాళ్లకి ఘాటైన వాసనలు చూపిస్తే గాఢనిద్రలో ఎవరూ లేవలేదు, శబ్దానికి మాత్రం లేచారు. ఇంట్లో ఒక్కరే ఉండి ప్లగ్స్ పెట్టుకుని పడుకునేట్టయితే గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం మరవకండి.

ఇక ఉక్కపోత. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి వేడి కొంచెం దిగాలి, అది అరచేతులు, అరికాళ్ల ద్వారా బయటికి పోతుంది. మన తీరంలో గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే వేడి పోదు. ఎండాకాలంలో కూలర్లు, తడి వట్టివేళ్ల తెరలు లోపలి జిల్లాల్లో పనిచేసినట్టు విశాఖలో పనిచేయవు, ఉన్న తేమకి ఇంకొంత కలుపుతాయి. ఏసీ లేకపోతే గాలి కదలికే దిక్కు. ఫ్యానుకి తోడు టేబుల్ ఫ్యాన్ కాళ్ల వైపు పెట్టుకోండి, పాదాలకి దుప్పటి కప్పకండి. రాగానే గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి. చన్నీళ్లు హాయిగానే ఉంటాయి గానీ చర్మం కింద రక్తనాళాల్ని బిగిస్తాయి. గోరువెచ్చటి నీళ్లు వాటిని విప్పి లోపలి వేడిని బయటికి పంపుతాయి.

ఇంట్లో వాళ్లు

గది ఎంత బాగున్నా పదకొండింటికి కాలింగ్ బెల్ మోగితే చేసిందంతా వృథా. తలుపు మీద కాగితం అంటించండి, ఇంట్లో ఒకరి నంబర్‌కి తప్ప ఫోన్ మోగకుండా పెట్టండి. "పగలంతా పడుకుంటాడు" అనే మాట ఇంటి పెద్దల నుంచి వస్తే, మీ 8 గంటల రాత్రి డ్యూటీ వాళ్ల 8 గంటల పగటి పనితో సమానమని ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి.

ఆడవాళ్లకి ఈ సలహాలు చాలవు. రాత్రి వార్డులో చేసి వచ్చిన నర్సు పిల్లల టిఫిన్ బాక్సులు కట్టి, వంట చేసి, పదకొండింటికి నడుం వాలిస్తే ఏ పరదా ఏం చేస్తుంది? అక్కడ మారాల్సింది గది కాదు, ఇంటి పనిలో వాటాలు. మొదటి నాలుగు గంటల నిద్ర ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకోవడం మొదటి మెట్టు.

మంచం మీద: నిద్ర పట్టకపోతే

తేలికగా తినండి, ఆకలితో మాత్రం పడుకోకండి. రీల్స్ వద్దు. "ఒక క్వార్టర్ వేస్తే హాయిగా పడుతుంది" అనేవాళ్లుంటారు, త్వరగా పట్టే మాట నిజమే. కానీ రెండో సగం నిద్రని మందు ముక్కలు చేస్తుంది, పగటి నిద్రలో మీకు అసలే కరువైంది ఆ రెండో సగమే.

అరగంటకి దగ్గరగా గడిచినా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి, తూగు వచ్చాకే మళ్లీ మంచమెక్కండి. రిచర్డ్ బూట్జిన్ 1972లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని నిద్రలేమి చికిత్సలో ఇప్పటికీ వాడుతున్నారు. మంచం మీద దొర్లడమే అలవాటైతే మంచం చూడగానే టెన్షన్ మొదలవుతుంది. సమయం అంచనాగా చాలు, గోడ గడియారం తిప్పి పెట్టేయండి.

ఇంకో చిత్రమైన ఉపాయం ఉంది. చీకట్లో కళ్లు తెరిచి పడుకుని, నిద్రపోకూడదని అనుకోండి. నిద్ర తెచ్చుకోవాలన్న పోరాటం ఆగితే చాలాసార్లు నిద్ర తనంత తాను వస్తుంది. దీన్నీ మానసిక వైద్యులు వాడతారు.

"ఒక్క క్షణం కన్ను మూయలేదు" అనిపించినా పూర్తిగా నమ్మకండి. తేలిక నిద్రలో ఉన్నవాళ్లని లేపి అడిగితే మేలుకునే ఉన్నామని చెప్పేవాళ్లు చాలామంది. సరిపోయిందా లేదా అన్నది సాయంత్రం ఆరింటికి మీరెలా ఉన్నారన్న దాన్నిబట్టి చూసుకోండి.

పన్నెండుకి మెలకువ వచ్చేస్తే కోపం తెచ్చుకోకుండా లేచి భోంచేయండి. మూడింటికి ఇంకో గంటన్నర పడుకోండి. రెండు ముక్కలుగా నిద్రపోవడం తప్పేం కాదు, సి షిఫ్ట్ వారంలో చాలామందికి నప్పేది అదే.

గుండెల మీద కూర్చున్నది ఎవరు?

నైట్ డ్యూటీ వాళ్లలో కొందరు చెప్పడానికి సిగ్గుపడే అనుభవం ఒకటుంది. మెలకువ వచ్చింది, గది కనిపిస్తోంది, చేయి కదలదు, నోరు పెగలదు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు, మూల నీడ నిలబడ్డట్టు ఉంటుంది. దయ్యమని తాయెత్తులు కట్టించుకున్నవాళ్లున్నారు. కలలొచ్చే నిద్ర దశలో, కలలో పరిగెత్తితే నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడు కండరాల్ని కట్టేస్తుంది. ఒక్కోసారి స్పృహ ముందు మేలుకుంటుంది, కట్టు విడిపోవడం ఆలస్యమవుతుంది, కల కొంత గదిలోకి కారుతుంది. దాదాపు 8 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. నిద్ర వేళలు తారుమారైన వాళ్లకీ, వెల్లకిలా పడుకునే వాళ్లకీ ఇంకొంచెం ఎక్కువ.

ఊపిరి తీసే ప్రధాన కండరం, కనుగుడ్లు ఈ కట్టులో ఉండవు. కాబట్టి పెనుగులాడకుండా ఊపిరి నెమ్మదిగా వదులుతూ, కళ్లు అటూ ఇటూ తిప్పండి, కాలి బొటనవేలు కదపడం మీద ధ్యాస పెట్టండి. రెండు మూడు నిమిషాల్లోపే విడిపోతుంది. తర్వాత పక్కకి తిరిగి పడుకోండి. నిద్రలోకి జారేటప్పుడు కాలు ఉలిక్కిపడటం, ఎవరో పిలిచినట్టు వినిపించడం కూడా మామూలువే.

షిఫ్ట్ మారేటప్పుడు

మనిషి గడియారం సగటున 24 గంటలకి కొంచెం ఎక్కువే తిరుగుతుంది. దానికి త్వరపడటం కంటే ఆలస్యం కావడం తేలిక. ఏ షిఫ్ట్ (ఉదయం) తర్వాత బి (మధ్యాహ్నం), బి తర్వాత సి (రాత్రి) వచ్చే వరస, దానికి ఎదురు వరస కంటే ఒంటికి పడుతుంది. రోస్టర్ వేసేచోట మీ మాట చెల్లుబాటైతే ఈ సంగతి చెప్పండి.

ఆఖరి సి షిఫ్ట్ దిగిన రోజు పూర్తిగా నిద్రపోకండి. పదకొండు దాకా రెండు మూడు గంటలు పడుకుని లేవండి, మధ్యాహ్నం తర్వాత బయట వెలుతురులో తిరగండి, రాత్రి పదికి మంచమెక్కండి. ఎప్పుడూ నైట్లే చేసేవాళ్లు మాత్రం సెలవు రోజుల్లో కూడా డ్యూటీ రోజుల నిద్రతో కలిసే నాలుగు గంటలు ఒకటి ఉంచుకుంటే గడియారం చెదరదు. మైనర్స్, వాటర్‌హౌస్ అనే పరిశోధకులు 1981లో దీన్ని లంగరు నిద్ర అన్నారు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లో వాళ్లు చెప్పడం, సెలవుల్లో బాగా నిద్రపోయినా పగలు కునికిపాట్లు తగ్గకపోవడం, నెలకి పైగా నిద్రలేమి, దిగులు. ఇందులో ఏది ఉన్నా పైన చెప్పిన ఉపాయాలతో కాలక్షేపం చేయకండి. నిద్రమాత్రలు, మెలటోనిన్ సొంతంగా మెడికల్ షాపులో కొనకండి. గురక, ఊపిరి ఆగడం ఉంటే ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల డాక్టరు, దిగులు, ఆందోళన ఉంటే సైకియాట్రిస్టు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

వెళ్లేముందు రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో రోజుకి ఐదు విషయాలు రాసి పెట్టుకోండి: ఏ షిఫ్టు, ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎన్నింటికి లేచారు, ఆఖరి టీ ఎప్పుడు, డ్యూటీలో తూగు వచ్చిందా లేదా. మీరు చెప్పేదానికన్నా డాక్టరుకి ఆ రెండు పేజీలే ఎక్కువ చెబుతాయి.